పురిటికై తైవానునకు పోవు తల్లులకు



కడుపుతో నున్న కూతురిని పురిటికి పుట్టినింటికి తెచ్చుకొనుట మన ఆచారము. ఆ కూతురు సముద్రముల కావల నున్నప్పుడు, నెలలు నిండినకొలది విమానప్రయాణము వలదని వైద్యులు చెప్పినప్పుడు, తల్లియే పెట్టె సర్దుకొని బయలుదేరవలసి వచ్చును. అమెరికాకు పోవు తల్లులకు దారి చెప్పువారు నేడు వాడవాడలను కలరు. చీనాభాష మాటలాడు దేశమునకు పోవువారికి మాత్రము మన యూళ్లలో చెప్పువారు అరుదు. ఇటీవల మాకు వచ్చిన జాబులలో మూడు ఈ విషయమునే అడిగినవి. అందొక సోదరి "మా అమ్మాయి తైవానులో నున్నది. ఆ భాష నాకొక ముక్కయైన రాదు. అచ్చట నేనేమి తినగలను? నా రాక దానికి సాయమగునా, భారమగునా?" అని వ్రాసినది. ఆ కడపటి ప్రశ్న చదివిన పిమ్మట ఈ మాసపు పుటలను దీనికే వినియోగింప నిశ్చయించితిమి.

మా చెల్లెలి పురిటికై మేమును మా తల్లిగారును షించూ నగరమున రెండు మాసములు ఉండి వచ్చితిమి. మా మఱదిగారు అచ్చటి విశ్వవిద్యాలయమున పరిశోధనము చేయుచున్నారు. మావారు బడి సెలవులలో పిల్లలను తామే చూచుకొందుమని ధైర్యము చెప్పి మమ్ము పంపిరి. ఎట్లు చూచుకొనిరో ఆ వృత్తాంతము వేఱు. దానిని మఱియొకసారి వ్రాసెదము.

తైవాను చీనాదేశపు తీరమునకు తూర్పున నున్న ద్వీపము. వైశాల్యము ఇంచుమించు 36,000 చదరపు కిలోమీటర్లు. జనము రెండుకోట్ల ముప్పది లక్షలకు దగ్గఱ. అచ్చటి గడియారము మన గడియారమునకన్న రెండున్నర గంటలు ముందు నడచును. మన దేశమునకు అచ్చట రాయబారి కార్యాలయమను పేర ఏదియు లేదు. ఆ పనులన్నియు 1995లో తైపే నగరమున నెలకొల్పబడిన ఇండియా తైపే అసోసియేషను చూచును. వీసా కొఱకు మన ప్రాంతమువారు చెన్నపట్టణమందలి తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రమును ఆశ్రయింపవలెను.

పెట్టె సర్దుట మొదలు కష్టము ఆరంభమగును. ఏ తల్లికైనను కూతురి కొఱకు తోటలోని కరివేపాకును, చెట్టున పండిన మామిడిపండ్లను, తాంబూలమునకు తమలపాకులను మూటగట్టవలెనని యుండును. వీనిలో నొక్కటియు పనికిరాదు. పచ్చి పండ్లు, ఆకులు, మొలకెత్తు విత్తనములు, మట్టి యంటిన వేళ్లు తైవాను విమానాశ్రయమున దిగువారు తీసికొనిరాగూడదు. మాంసపు పదార్థములు అంతకన్నను ప్రమాదకరములు. పందులకు సోకు ఆఫ్రికా జ్వరమునకు భయపడి 2018 నుండి వారు కఠినమైన శాసనము చేసినారు. ఆ జ్వరమున్న దేశములనుండి పందిమాంసము కలిసిన వస్తువు తెచ్చినవారికి మొదటిసారికే రెండు లక్షల తైవాను డాలర్ల అపరాధము. కోడిమాంసపు పచ్చడి అల్లునికి ప్రీతియని సీసాలో పోసి తీసికొనిపోవు అలవాటు మనలో కొందఱికి కలదు. దానిని ఇంటనే విడుచుట మేలు. గసగసములను గూడ విడువుడు. అవి మనకు వంటదినుసే కాని, అనేక దేశములందు నల్లమందు జాతివని నిషిద్ధములు. శొంఠి, వాము, మిరియములు, ధనియములు, పసుపు మొదలైనవానిని గింజలుగా గాక పొడులుగా దంచి, పేరు ఇంగ్లీషున వ్రాసిన చీటి అంటించి పట్టుకొనిపోవలెను. నూనెతో నున్న ఊరుగాయలు చేతిసంచిలో పెట్టినచో విమానము నొద్ద పాఱవేయింతురు; అవి పెద్ద పెట్టెలోనే ఉండవలెను. రక్తపుపోటునకో మధుమేహమునకో మందులు వాడు తల్లులు ప్రయాణదినములకు మించి పదిదినముల మందులను, వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటితో సహా చేతిసంచిలోనే ఉంచుకొనవలెను.

మిక్సీని మాత్రము మోసికొని పోవలదు. మన యిండ్ల విద్యుత్తు 230 వోల్టులు. తైవానున 110 వోల్టులే. మన మిక్సీ అచ్చట నీరసముగ తిరుగునేగాని పప్పు రుబ్బదు. పైగా ప్లగ్గునకు గుండ్రని పుల్లలకు బదులు రెండు చదునైన రేకులుండును. చేతిఫోను ఛార్జరులు రెండు విద్యుత్తులకును పనిచేయును గనుక వానికి చిన్న అడాప్టరు చాలును.

ఇక భాష. చీనాభాషలో ఒకే యక్షరమును పలుకు స్వరమునుబట్టి అర్థము మాఱును. "మా" యను శబ్దము సమముగ పలికిన తల్లి, పైకెత్తి పలికిన జనుము, వంచి యెత్తి పలికిన గుఱ్ఱము, దిగగొట్టి పలికిన తిట్టు. ఇంద్రశత్రు శబ్దమున స్వరము తప్పినందున త్వష్ట కోరిన కోరిక తలక్రిందైన కథ మనకు తెలిసినదే కదా! ఉదాత్తానుదాత్తములను విని పెరిగిన చెవికి ఇది మఱీ అంత వింత కాదు. మఱియొక లాభము గూడ మనకున్నది. క, ఖలకును, ప, ఫలకును నడుమ నున్న భేదమే ఆ భాషకు ఊపిరి. దానిని నేర్చుటకు తెల్లదొరలు తంటాలు పడుదురు, మనకది గుణింతముతోడనే వచ్చినది. అయినను రెండు నెలలలో భాష నేర్తుమను ఆశ వలదు. అయిదాఱు మాటలు చాలును. కృతజ్ఞత తెలుపుటకు "షియె షియె." దారి అడుగునప్పుడు, ఒకరిని దాటి పోవునప్పుడు, పొరపాటున తగిలినప్పుడు "పు హావ్ ఈ స." ఇది ఆ దేశమున దినమునకు నూఱుసార్లు వినబడును. వేడినీళ్లకు "ర ష్వే." చక్కెర లేకుండ కావలెనన్నచో "ఊ థాంగ్." మేము శాకాహారులమని చెప్పుటకు "వో ఛి సూ." ఎచ్చటివారని అడిగినచో "ఇన్ తూ" అనవలెను, అది మన దేశమునకు వారి పేరు. ఆ పేరును స్థిరపఱచినవాడు హ్యుయెన్‌త్సాంగు అను యాత్రికుడే. ఆయన ఏడవ శతాబ్దమున మన కృష్ణాతీరమందలి ధాన్యకటకమునకు వచ్చినవాడు. తైవాను నడుమ సూర్యచంద్ర సరోవరమను చెఱువు గట్టున 1965లో కట్టిన ఆలయములో ఆయన యస్థి యొకటి పూజింపబడుచున్నది. తీరిక దొరికినచో ఆ స్థలమును దర్శింపుడు. అమరావతి చూచినవారికి అచ్చట మనస్సు వేఱువిధముగ నుండును.

కూతురి ఇంటి చిరునామాను చీనా లిపిలో వ్రాయించి యొక చీటి ఎల్లప్పుడు సంచిలో నుంచుకొనుడు. చేతిఫోను లోని అనువాదయంత్రము చాల మేలు చేయును. కాని దాని శక్తి అయిపోయిన వేళ ఆ చీటియే మిమ్ము ఇల్లు చేర్చును. వీథిలో దిగునప్పుడు మఱియొక సంగతి. అచ్చటి వాహనములు కుడిప్రక్కన నడచును. మనకు అలవాటైనట్లు మొదట కుడివైపు చూచి అడుగు వేసితిమా, ఎడమనుండి వచ్చు స్కూటరు మీద పడును. మొదట ఎడమకు చూడవలెను. మెట్రో రైలులో కూర్చుండి ఏమియు తినగూడదు, త్రాగగూడదు, మంచినీరు సైతము. తైపే మెట్రోలో ఈ నియమము తప్పినవారికి 1,500 మొదలు 7,500 డాలర్లవఱకు అపరాధము. వక్కలు నమలుట ఆ దేశమునందును కలదు. పచ్చివక్కను సున్నము రాచిన ఆకులో చుట్టి బాట ప్రక్కల అద్దపు గదులలో అమ్ముచుందురు. అది చూచి మా తల్లిగారు ప్రాణము లేచివచ్చిన ట్లానందించిరి. కాని వీథిలో ఉమ్మినచో దానికిని అపరాధమే.

తిండి విషయమై సోదరీమణులు పడు భయము తీఱుటకు ఒక్క మాట: మడి ఆచారములతో పెరిగిన తెలుగు తల్లికి తూర్పుదేశములలో తైవానుకన్న అనుకూలమైనది మాకు తోచలేదు. బౌద్ధులైన శాకాహారులు అచ్చట లెక్కకు మిక్కిలిగ నున్నారు. వారు మాంసమును, చేపను మాత్రమే గాక ఉల్లి, వెల్లుల్లి జాతిని గూడ విడుతురు. మన వ్రతదినముల వంట వారికి నిత్యపు వంట! శాకాహారశాలల పలకలపై "సూ" అను అక్షరముండును. పైన మూడు అడ్డగీతలు, వాని నడుమ నొక నిలువుగీత, క్రింద నూలు చిలపవంటి ముడి. రంగు వేయని తెల్లపట్టు అని దాని మూలార్థమట. ఎంత అందమైన పేరు! పెక్కు శాలలపై దానితోపాటు స్వస్తిక చిహ్నమును గూడ వ్రాయుదురు. అంగళ్లలో అమ్ము డబ్బాలపై శాసనప్రకారము అయిదు విధములైన గుర్తులుండును: శుద్ధశాకము, గ్రుడ్డు కలిసినది, పాలు కలిసినది, పాలును గ్రుడ్డును కలిసినది, ఉల్లి వెల్లుల్లి కలిసిన శాకము. కూతురి చేత ఈ అయిదింటిని ఒక కాగితముపై వ్రాయించుకొని అంగడికి పోయినచో ఎవరి సాయమును అక్కఱలేదు. కొన్ని శాలలలో వంటకములు వరుసగ పేర్చియుండగా కావలసినవి పళ్లెములో పెట్టుకొని తూకమునకు వెల యిచ్చెదము. ఒకటి మాత్రము ముందుగ చెప్పి పెట్టవలెను. సోయాచిక్కుడు పిండితో చేపవలెను మాంసపు ముక్కవలెను బొమ్మలు చేసి వండుట వారికొక సరదా. చూచి కడుపు త్రిప్పుకొనవలదు, అది పిండియే.

ఇంట వండుటకు అచ్చటి ప్రతి గృహమునందును తాతుంగు కంపెనీవారి విద్యుత్పాత్ర యొకటి ఉండును. 1960 నుండి చేయుచున్నారు. బయటి పాత్రలో గ్లాసెడు నీరు పోసి లోపల గిన్నెలు పేర్చి మీట నొక్కినచో నీరావిరియైన పిమ్మట మీట తనంతట లేచును. పూర్వము మన యిండ్లలో నుండిన ఇక్మిక్ కుక్కరు ఎఱిగినవారికి దీని మర్మము చెప్పవలసిన పని లేదు. అన్నము, పప్పు, ఇడ్డెనలు అన్నియు దానిలో అగును. షించూ నగరము పెద్దగాలికి, బియ్యపు సేమియాలకు ప్రసిద్ధి. ఆ సేమియాలతో మా తల్లిగారు చేసిన పులిహోర ఇరుగుపొరుగువారు అడిగి పెట్టించుకొనిరి. పెరుగునకు చిక్కు కలదు. అంగళ్లలో అమ్మునది చాలవఱకు తీపిది. "ఊ థాంగ్" అని అడిగి తీపి లేనిది తెచ్చి, దానినే తోడుగ వాడి పాలు తోడుపెట్టుకొనవలెను. కొళాయినీరు కాచియే త్రాగుదురు. డబ్బాలపై తేదీని జాగ్రత్తగ చదువుడు. మనకు శాలివాహనశకమువలె వారికి 1912తో ఆరంభమైన శకమొకటి కలదు. 114 అని యున్నచో అది 2025వ సంవత్సరము; 1911 కూడవలెను. మొదట సంవత్సరము, పిమ్మట మాసము, కడపట దినము వ్రాయుదురు.

చెత్త వేయుట గూడ నేర్వవలసిన విద్యయే. చాలచోట్ల వీథిలో కుండీలుండవు. సాయంకాలము బండి పాట పాడుకొనుచు వచ్చును. బీథోవెను కూర్చిన పాటయో, బదజెవ్‌స్కా యను పోలెండు స్త్రీ కూర్చిన "కన్య ప్రార్థన"యో వినబడగానే ఇంటింటివారును సంచులతో పరుగెత్తుదురు. కాగితము, సీసాలు, వంటింటి తుక్కు వేఱువేఱుగ ఈయవలెను. ఇరుగుపొరుగు ఆడవారిని కలిసికొనుటకు అదియే మంచి సమయము, మన నూతిగట్టువంటిది. కొన్నప్పుడు ఇచ్చిన రసీదులను ఆ చెత్తలో వేయకుడు. వానిపై అంకెలుండును, బేసి మాసముల 25వ తేదీన దొరతనమువారు చీట్లు తీయుదురు. అన్నిటికన్న పెద్ద బహుమానము కోటి డాలర్లు. పరదేశస్థులకును ఈయబడును. మాకు రాలేదు.

ఇంతవఱకు చెప్పినది యంతయు ముఖ్యవిషయమునకు ముంగిలి. తల్లి పోవునది పురిటికి. అచ్చటి స్త్రీలు ప్రసవమైన పిమ్మట నెలదినములు కూర్చుండుదురు. "నెల కూర్చుండుట" అనియే దానికి పేరు. ఆ నెల చన్నీళ్లు ముట్టరు, గాలిలో తిరుగరు, బరువెత్తరు. పూర్వాచారము తప్పనివారు తలంటుకొనరు. నల్లనువ్వుల నూనెలో అల్లము వేచి కాచిన పులుసును వేడివేడిగ త్రాగుదురు. మన బాలింతరాలి పథ్యమునకును దీనికిని ఎంత దగ్గఱ! మా ప్రక్కయింటి వృద్ధురాలిని అందఱు "ఆమా" అని పిలుతురు. ఆ ద్వీపపు మాటలో దానికి అవ్వ యని యర్థము. మా తల్లిగారికి అది "అమ్మా" యని వినబడి తొలినాడే చనవేర్పడినది. ఒకనా డామె పులుసు తెచ్చినది. మా తల్లిగారు శొంఠిపొడి నెయ్యి కలిపిన ముద్దను చూపిరి. ఇరువురును వాసన చూచి తలలూచుకొనిరి. తరువాత నెలదినములు వారి నడుమ దుబాసీ అక్కఱ లేకపోయినది. అయితే ఆ పులుసున సాధారణముగ కోడిమాంసమును, బియ్యపు సారాయియు చేర్తురు. వానిని కూడదని ముందే చెప్పవలెను. అవి లేకుండగనే కాచి యిత్తురు, తప్పుపట్టరు.

ధనవంతులు ప్రసవానంతరము ప్రత్యేకమైన బాలింతశాలలలో చేరుదురు. దాదులు, భోజనము, శిశుపోషణము అన్నియు అచ్చటనే. దినమునకు వేలకొలది డాలర్లు. తల్లి దగ్గఱ నున్న బాలింతరాలికి దాని యవసరమేమి? "నా రాక భారమగునా" అని యడిగిన సోదరి ఈ సంగతి గమనింపవలెను. ఆసుపత్రులలో గూడ రోగి దగ్గఱ ఇంటివారొకరు రాత్రియు పగలును ఉండి కనిపెట్టుకొందురు. ఆ చోటు తల్లిది. అల్లుడు ఉద్యోగమునకు పోయినచో ఆ చోట మఱియెవరు కూర్చుండగలరు?

అయితే సాయము చేయబోయి హాని చేయకుండునట్లు చూచుకొనవలెను. పుట్టినబిడ్డకు తేనె నాకించుట, ఆముదము పోయుట, చక్కెరనీళ్లు పట్టుట మన పెద్దలలో నింకను పోలేదు. తేనెలో నుండు ఒక సూక్ష్మజీవి సంవత్సరములోపు బిడ్డకు ప్రాణాంతకమైన వ్యాధి కలిగింపవచ్చును. ఆఱు మాసములవఱకు తల్లిపాలు తప్ప మఱేదియు, నీరు గూడ, అక్కఱలేదని వైద్యులు చెప్పుదురు. దాది కనుమఱుగైనప్పుడు వ్రేలితో నాకించుట ప్రేమ కాదు. బాలింతరాలికి మంచినీళ్లు తగ్గించుటయు అట్టిదే. పాలిచ్చు తల్లికి దప్పి యెక్కువ, వేడినీళ్లు కావలసినంత ఈయుడు.

తైవానున 1995 నుండి ప్రజలందఱికిని ఆరోగ్యపు భీమా యొకటి కలదు. నివాసపు చీటి కలిగిన పరదేశస్థులలో ఉద్యోగస్థులు వెంటనే, విద్యార్థులు ఆఱు మాసములు నివసించిన పిమ్మట దానిలో చేరుదురు. కూతురు దానిలో నుండవచ్చును; చూడవచ్చిన తల్లి ఉండదు. కావున మీరు బయలుదేరుటకు ముందే మీ కొఱకు ప్రయాణపు భీమా చేయించుకొనుడు. ఈ ఖర్చు దండుగని అల్లునితో వాదింపకుడు. జారిపడి తుంటి విఱిగినచో కూతురి పురుడు, మీ మంచము రెండును అతని నెత్తిన పడును. అంబులెన్సునకు 119, పోలీసులకు 110.

బిడ్డకు నెల నిండిననాడు వారు బంధువులకు నూనెతో వండిన జిగురుబియ్యపు అన్నమును, ఎఱ్ఱరంగు వేసిన గ్రుడ్లను పంచుదురు. మనకు బారసాల ముందే అగును గనుక మేము ఆ దినమున లడ్డూలు పంచితిమి. బహుమానముల విషయమున కొంత తెలివి అవసరము. డబ్బు ఎఱ్ఱని కవరులోనే ఈయవలెను, తెల్లనిది చావునకు. శుభమునకు సరిసంఖ్య, అశుభమునకు బేసి. మన నూటపదాఱ్లు ఆ లెక్కకు సరిపోవును! నాలుగు మాత్రము కూడదు. నాలుగను మాటకును చావను మాటకును ధ్వని దగ్గఱ, అందుచే కొన్ని ఆసుపత్రులలో నాలుగవ అంతస్తే ఉండదు. గోడగడియారము, గొడుగు, కత్తి బహుమానముగ ఈయరాదు. ఇచ్చునది పుచ్చుకొనునది రెండు చేతులతో. అన్నపు గిన్నెలో పుల్లలను నిలువున గ్రుచ్చుట చనిపోయినవారికి పెట్టు అన్నమునకు గుర్తు; మన పిండమును తలచుకొన్నచో దాని దోషము మనకు వెంటనే తెలియును.

వర్షకాలమున తుపానులు వచ్చును. గాలి మించునని తోచినప్పుడు దొరతనమువారే ఆ యూరికి సెలవు ప్రకటింతురు. కావలసిన కూరలు, పాలు ముందునాడే తెచ్చుకొనవలెను. భూకంపములు మఱింత తఱచు. 1999 సెప్టెంబరు 21న వచ్చినదానిలో రెండువేల నాలుగువందలకు పైగ చనిపోయిరి; 2024 ఏప్రిల్ 3న హ్వాలియన్ ప్రాంతమున మఱియొక పెద్దది వచ్చినది. నేడు కట్టు భవనములు గట్టివి. కంపమునకు ముందు ఒక్కొక్కప్పుడు చేతిఫోనులన్నియు ఒక్కసారిగ కీచుమని అఱచును. అది విని మెట్లవైపు పరుగెత్తకుడు. బిడ్డను పొదివి పట్టుకొని బల్ల క్రింద కూర్చుండుడు. పొయ్యి దగ్గఱ నున్నచో గ్యాసు కట్టివేయుడు.

తిరిగి వచ్చునప్పుడు బిడ్డను వెంటబెట్టుకొని వచ్చు ఆలోచన యున్నవారు ఒక లెక్క వేసికొనవలెను. ఆ నేలపై పుట్టినంతమాత్రమున బిడ్డకు అచ్చటి పౌరత్వము రాదు. ఆసుపత్రివారి జననపత్రము, దాని ఇంగ్లీషు ప్రతి తీసికొని ఇండియా తైపే అసోసియేషనున పుట్టుక నమోదు చేయించి పాసుపోర్టు పొందవలెను. దానికి వారములు పట్టును. కావున బిడ్డ పేరును ఇంటిపేరుతో సహా, అక్షరము పొల్లుపోకుండ, పురుడు రాకముందే తల్లిదండ్రులు నిశ్చయించుకొని యుంచుట మంచిది. పేరు విషయమై ఇరువైపుల అవ్వలకును తగవుండినచో దానిని ఇచ్చటనే తీర్చుకొని విమానమెక్కుడు.